నిలకడ లోడ్‌లో నిలిచి, ఆటలో ఆరిపోయిన కంప్యూటర్: పవర్ సప్లై ఎంపికపై ఒక కేస్ స్టడీ

సమస్య

ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకో నలభై నిమిషాలకో కంప్యూటర్ ఠక్కున ఆరిపోతోంది. నీలం తెర రావడం లేదు, ఎర్రర్ మెసేజ్ కూడా లేదు. చాలాసార్లు పూర్తిగా ఆరిపోయి, ముందువైపు బటన్ ఎన్నిసార్లు నొక్కినా లేవడం లేదు. వెనకవైపు ఎస్‌ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే పవర్ సప్లై పెట్టె) మీదున్న స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి మళ్లీ వేస్తేనే ఆన్ అవుతోంది. కొన్నిసార్లు మాత్రం దానంతట అదే రీస్టార్ట్ అవుతోంది. బ్రౌజింగ్, వీడియోలు, ఆఫీసు పనుల్లో రోజంతా ఏ ఇబ్బందీ లేదు.

ఇంట్లో అసెంబుల్ చేసిన మెషీన్ ఇది. రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్, బి550 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు, ఒక ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, ఒక 3.5 అంగుళాల హార్డ్ డిస్క్, ఐదు ఫ్యాన్లు. ఎస్‌ఎంపీఎస్ మీద 650 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్ (విద్యుత్ సామర్థ్యపు స్థాయి) అని ఉంది, వాడకం ఐదేళ్లు. ఇన్నాళ్లూ 125 వాట్ల జీటీఎక్స్ 1660 సూపర్ కార్డుతో నడిచింది. దాన్ని తీసి, రెండు 8-పిన్ ప్లగ్గులున్న ఆర్‌టీఎక్స్ 3080 పెట్టాక ఈ తంతు మొదలైంది. ఆ కార్డు విద్యుత్ పరిమితి 320 వాట్లు.

ఇలాంటప్పుడు అందరూ ముందు ర్యామ్‌ను, తర్వాత డ్రైవర్లను, ఆ తర్వాత విండోస్‌ను అనుమానిస్తారు. ఈ మెషీన్‌లోనూ విండోస్ రెండుసార్లు కొత్తగా ఇన్‌స్టాల్ చేశారు. ఫలితం లేకపోయింది. ఆరిపోయే తీరునే జాగ్రత్తగా గమనించి ఉంటే ఆ రెండు రోజులూ మిగిలేవి.

ఆరిపోయే తీరు చెప్పే సంగతి

స్విచ్ ఆపి వేస్తేనే లేచే మెషీన్‌లో ఆపింది ఎస్‌ఎంపీఎస్ లోపలి రక్షణ సర్క్యూట్. కరెంటు పరిమితి దాటడమో, వోల్టేజి మరీ పడిపోవడమో, మొత్తం వాట్లు మించడమో చూసి అది తాళం పడినట్టు బిగుసుకుంటుంది. మెయిన్స్ సరఫరా తీసి, లోపలి స్టాండ్‌బై చార్జి దిగితే గానీ ఆ తాళం ఊడదు. దానంతట అదే రీస్టార్ట్ అయ్యే తీరు వేరు. అందులో సప్లై బతికే ఉంటుంది, కానీ 24-పిన్ కనెక్టర్‌లో బూడిదరంగు తీగ మీద వచ్చే ‘పవర్ ఓకే’ సంకేతం ఒక్క క్షణం పడిపోతుంది. అది పడితే మదర్‌బోర్డు రీసెట్ అయి తీరుతుంది. ఒకే మెషీన్‌లో రెండూ కనబడుతుంటే ప్రాసెసర్‌కు, గ్రాఫిక్స్ కార్డుకు కరెంటు ఇచ్చే 12 వోల్టుల లైను అంచున నడుస్తోందన్న అనుమానం బలపడుతుంది.

విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో ప్రతిసారీ కెర్నెల్-పవర్ 41 నమోదైంది, బగ్‌చెక్‌కోడ్ (క్రాష్ కారణాన్ని చెప్పే అంకె) 0. 41 అంటేనే ఎస్‌ఎంపీఎస్ పోయిందని తీర్పు చెప్పకూడదు. మెషీన్ సక్రమంగా షట్‌డౌన్ కాలేదు అన్నంతవరకే దాని అర్థం. సున్నా కాని కోడ్ ఉంటే వెతకాల్సింది డ్రైవర్‌లోనో మెమరీలోనో. సున్నా ఉంటే విండోస్‌కు డంప్ (క్రాష్ వివరాల ఫైలు) రాసుకునే వ్యవధి కూడా దొరకలేదన్నమాట.

చేసిన పరీక్షలు

ముందు వేడి. సెన్సర్ల అంకెలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్‌లో సెకనుకోసారి లాగింగ్ పెట్టి, ఆరిపోయే ముందు పడిన చివరి వరుస చూస్తే ప్రాసెసర్ 74 డిగ్రీలు, గ్రాఫిక్స్ చిప్ 71, ఆ చిప్‌లో అత్యంత వేడి చోటు (హాట్‌స్పాట్) 84. ఇవేవీ పరిమితి దగ్గర్లో లేవు. ఎస్‌ఎంపీఎస్ కింది జాలీలో దుమ్ము పేరుకుని ఉంది, శుభ్రం చేసినా మార్పు లేదు. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 నాలుగు పాస్‌లలో ఒక్క తప్పూ చూపలేదు.

దారి తప్పించే పరీక్షలు ఆ తర్వాతవి. ప్రాసెసర్‌ను పూర్తి లోడ్‌లో ఉంచే ప్రైమ్95 గంటసేపు నడిచింది. గ్రాఫిక్స్ కార్డును అలాగే ఉంచే ఫర్‌మార్క్ అరగంట నడిచింది. రెండూ కలిపి పెట్టినా పదిహేను నిమిషాలు నిలిచింది. దీంతో ‘లోడ్ టెస్టు పాసయింది, ఎస్‌ఎంపీఎస్ బాగానే ఉంది’ అని తేల్చేస్తారు. అది పొరపాటు. ఫర్‌మార్క్ నడుస్తున్నప్పుడు కార్డు తన పరిమితికి అతుక్కుని 320 దగ్గర సమంగా లాగుతుంది. ఆటలో అలా ఉండదు. ఒక దృశ్యం నుంచి మరో దృశ్యానికి మారినప్పుడు, లోడింగ్ తెర ముగిసినప్పుడు, మెనూలో ఫ్రేమ్‌రేటు హద్దు లేకుండా పరుగెత్తినప్పుడు కార్డు తీసుకునే కరెంటు మిల్లీసెకన్లలో పడిలేస్తుంది. సగటు 320 ఉన్నా, ఈ తరం పెద్ద కార్డుల్లో అతి తక్కువ వ్యవధికి 450 వాట్లు దాటడం మామూలే. ఎస్‌ఎంపీఎస్‌కు అసలు పరీక్ష ఆ ఎగుడుదిగుడులే.

అందుకే ఓసీసీటీ అనే పరీక్ష ప్రోగ్రామ్‌లో గ్రాఫిక్స్ లోడ్‌ను మార్చిమార్చి వేసే పరీక్ష పెట్టాం. ఆరు నిమిషాల్లో మెషీన్ ఆరిపోయింది. మళ్లీ పెడితే నాలుగు నిమిషాలు. ఇష్టం వచ్చినప్పుడు మళ్లీ పుట్టించగలిగే లోపం చేతికొచ్చిందంటే సగం పని అయిపోయినట్టే.

తర్వాత కార్డు పవర్ లిమిట్‌ను 70 శాతానికి, అంటే సుమారు 224 వాట్లకు దించి అదే పరీక్ష నడిపితే మూడు గంటలు ఏమీ కాలేదు. దీనివల్ల అనుమానితులు ఇద్దరే మిగిలారు: ఎస్‌ఎంపీఎస్, లేదా కార్డు మీది విద్యుత్ విభాగం.

మల్టీమీటర్ చూపింది, చూపనిది

గ్రాఫిక్స్ కార్డు ప్లగ్గు వెనకనుంచి సన్నటి ప్రోబ్ దింపి పసుపు, నలుపు తీగల మధ్య కొలిచాం. నల్లటి కేబుళ్లు ఉన్నచోట రంగు కాక పిన్ స్థానం చూసుకోవాలి: 8-పిన్ ప్లగ్గులో క్లిప్పు ఉన్న వరుస గ్రౌండ్, ఎదుటి వరుసలో పక్కపక్కనున్న మూడు పిన్నులు 12 వోల్టులు. పని లేనప్పుడు 12.18, లోడ్‌లో 11.52. అదే సమయంలో 5 వోల్టుల లైను 5.02 నుంచి 5.19కి ఎగబాకింది.

కంప్యూటర్ పవర్ సప్లైలకు వర్తించే ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 12 వోల్టుల లైను 11.40 నుంచి 12.60 మధ్య, 5 వోల్టులది 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. లెక్కకు రెండూ హద్దులోనే ఉన్నాయి. కానీ ఒకటి పడుతుంటే ఇంకొకటి లేవడం గ్రూప్ రెగ్యులేషన్ లక్షణం. ఈ పాత నిర్మాణంలో 12, 5 వోల్టులు రెండింటినీ ఒకే నియంత్రణ వలయం కలిపి సర్దుతుంది. ఒక లైను మీద బరువు పడగానే రెండోది తప్పుదారి పడుతుంది. ఇప్పటి కంప్యూటర్లలో దాదాపు బరువంతా 12 మీదే కాబట్టి ఈ నిర్మాణానికి పెద్ద గ్రాఫిక్స్ కార్డు అసలు సరిపడదు.

ఇంకొక తప్పు కంటికే కనబడింది. ఒకే కేబుల్‌కు ఉన్న రెండు తలలను కార్డు రెండు ప్లగ్గులకూ గుచ్చారు, రెండో కేబుల్ పెట్టెలోనే ఉంది. లెక్క చూడండి. మదర్‌బోర్డు స్లాట్ ఇచ్చేది పోను కేబుల్ మీద దాదాపు 250 వాట్లు, అంటే 21 ఆంపియర్లు. మూడు 12 వోల్టుల తీగలు, ఒక్కోదానిలో 7 ఆంపియర్లు. 18 గేజ్ రాగి తీగ నిరోధం మీటరుకు సుమారు 21 మిల్లీఓమ్‌లు. 60 సెంటీమీటర్ల పొడవులో పోయే దారిలోనే 0.09 వోల్టు, వెనక్కి వచ్చే దారిలో ఇంకో 0.05 నుంచి 0.09 వరకు నష్టం. రెండు వేర్వేరు కేబుళ్లు వాడితే ఇది సగమవుతుంది. వేసి చూస్తే 11.52 కాస్తా 11.60 అయింది. ఆరిపోవడం తగ్గింది కానీ ఆగలేదు. వేడి, కనెక్టర్ కరగడం వంటి ప్రమాదాల దృష్ట్యా కూడా 225 వాట్లు దాటే ఏ కార్డుకైనా విడివిడి కేబుళ్లే వాడాలని మా గట్టి అభిప్రాయం.

మల్టీమీటర్ సగటునే చూపిస్తుంది. ఒక మిల్లీసెకను గోతి దానికి కనబడదు. ఆసిలోస్కోప్ పెట్టి ట్రిగ్గర్‌ను 11.4 దగ్గర అమర్చితే లోడ్ మారిన ప్రతిసారీ 11.1 దాకా దిగే గోతులు దొరికాయి. నిలకడ లోడ్‌లో రిపుల్ (లైను వోల్టేజిలోని సన్నటి అలలు) 140 మిల్లీవోల్టులు; 12 వోల్టుల లైనుకు అనుమతి 120. రిపుల్ కొలిచేటప్పుడు స్కోప్ బ్యాండ్‌విడ్త్‌ను 20 మెగాహెర్ట్జ్‌కు కుదించి, ప్రోబ్ కొన దగ్గర 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్, 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు వేయాలి. అవి లేకుండా కొలిస్తే గాలిలోని గోల కూడా లెక్కలో కలిసి మంచి సప్లై కూడా చెడ్డదిగా కనబడుతుంది.

స్కోప్ లేనివాళ్లకు ఇంత శ్రమ అక్కర్లేదు. బాగా నడుస్తున్న మరో మెషీన్‌నుంచి 850 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌ను దాని సొంత కేబుళ్లతో సహా తెచ్చి పెడితే చాలు. ఇక్కడ అదీ చేశాం. రెండు రోజులు, అదే పరీక్ష, ఒక్కసారీ ఆరలేదు. కార్డు నిర్దోషి అని తేలింది. సాఫ్ట్‌వేర్ చూపే వోల్టేజి అంకెలను మాత్రం ఈ పనికి నమ్మొద్దు. మదర్‌బోర్డు సెన్సర్లు పావు వోల్టు తేడా చూపినా ఆశ్చర్యం లేదు.

650 ఎందుకు చాలలేదు

లేబుల్ చదివితే సగం జవాబు అక్కడే ఉంది. 12 వోల్టుల లైనును రెండు రెయిళ్లుగా విడదీశారు: 12వి1 25 ఆంపియర్లు, 12వి2 25 ఆంపియర్లు, రెండూ కలిపి గరిష్ఠం 540 వాట్లు. 25, 25 కలిపి 12తో గుణిస్తే 600 వస్తుంది, కానీ ఉమ్మడి పరిమితి 540 అని చిన్న అక్షరాల్లో ఉంది. మిగిలిన 110 వాట్లు 5, 3.3 వోల్టుల పేరు మీద ఉన్నాయి. ఈ మెషీన్‌కు వాటితో దాదాపు పనే లేదు.

ఆటలో మెషీన్ వాడకం ఇలా ఉంటుంది: కార్డు 320, ప్రాసెసర్ 95 చుట్టూ, బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు 55. మొత్తం 470. దీన్ని చూస్తే 650 ధారాళం అనిపిస్తుంది. కానీ కార్డు ఒక్క క్షణం 480కి ఎగిరితే మొత్తం 630, అందులో 600 పైచిలుకు 12 వోల్టుల మీదే. పైగా గ్రాఫిక్స్ కేబుళ్లు రెండూ 12వి2కే చెందినవి. స్లాట్ వాటా పోను ఆ క్షణంలో వాటి మీద 35 ఆంపియర్లు పడతాయి. 25 ఆంపియర్ల రెయిల్ రక్షణ సర్క్యూట్ దీన్ని మితిమీరిన కరెంటుగానే చూస్తుంది, ఆపేస్తుంది. అది తన పని సరిగ్గానే చేసింది. ఆ ఎస్‌ఎంపీఎస్‌ను ఎంచుకున్న రోజు ఇంత బరువు లేదు, కార్డు మార్చిన రోజు ఎవరూ లేబుల్ తిరిగి చదవలేదు.

కొత్తది ఎంపిక చేసిన విధం

ముందు వాట్లు. ప్రాసెసర్ పూర్తి లోడ్‌లో దాని ప్యాకేజీ పరిమితి 142 వాట్లు, బోర్డు మీది రెగ్యులేటర్ల నష్టం కలిపితే 160. కార్డు 320. మిగతావి 70. అన్నీ కలిపి నిలకడగా 550. కార్డు తయారీదారు సూచించేది 750. మంచి నిర్మాణం ఉన్న 750 ఈ మెషీన్‌కు నిజంగానే సరిపోతుంది. 850 తీసుకోవడానికి కారణాలు రెండు: 470 వాట్ల దగ్గర ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంది, తర్వాతి కార్డుకు కాస్త చోటు ఉంటుంది. 1200 తీసుకోవడం వృథా. ఖాళీగా ఉన్నప్పుడు ఈ మెషీన్ తీసుకునేది 60, 70 వాట్లే. పెద్ద సప్లైలో అది 5, 6 శాతం లోడ్, అక్కడ సామర్థ్యం పడిపోతుంది. 80 ప్లస్‌లో బ్రాంజ్ నుంచి ప్లాటినం దాకా ఉన్న స్థాయిలకు 20 శాతం కంటే తక్కువ లోడ్‌లో పరీక్షే లేదు.

80 ప్లస్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. గోల్డ్ అనేది సామర్థ్యానికి ఇచ్చిన ముద్ర, నాణ్యతకు కాదు. 115 వోల్టుల పరీక్షలో సగం లోడ్ దగ్గర గోల్డ్‌కు 90 శాతం, బ్రాంజ్‌కు 85 శాతం కావాలి, అంతే. రిపుల్ ఎంత, రక్షణలు పనిచేస్తాయా, వోల్టేజి నిలుస్తుందా అన్న ప్రశ్నలకు అందులో చోటు లేదు. పైగా పరీక్ష జరిగేది 23 డిగ్రీల గదిలో. వేడి క్యాబినెట్‌లో 45 డిగ్రీల గాలి పీల్చుకునే సప్లైది వేరే లోకం. అందుకే పూర్తి వాట్లు ఎన్ని డిగ్రీల దగ్గర ఇస్తామని రాశారో చూడాలి. 50 అని ఉంటే మంచిది, 40 సర్దుకోవచ్చు, 25 అని ఉంటే లేదా ఏమీ రాయకపోతే దాన్ని పక్కన పెట్టేయాలి.

మూడు మోడళ్లు చివరి వరకు మిగిలాయి. మొదటిది 850 వాట్ల గోల్డ్, అన్నిటికంటే చవక. లేబుల్‌లో 12 వోల్టులు 62 ఆంపియర్లే, అంటే 744 వాట్లు. ఇప్పటి డీసీ-టు-డీసీ నిర్మాణంలో 5, 3.3 వోల్టులను 12 నుంచే తయారుచేస్తారు కాబట్టి 12 మీద దాదాపు మొత్తం వాట్లు రావాలి. 100 వాట్లు తగ్గాయంటే లోపల పాత నిర్మాణమే ఉందని అనుమానించాలి. అది పోయింది.

రెండోది 750 వాట్లు, డీసీ-టు-డీసీ, రిపుల్ చక్కగా 40 మిల్లీవోల్టుల లోపు. కానీ ప్రచురితమైన కొలతల్లో హోల్డ్-అప్ సమయం 11 మిల్లీసెకన్లు. కరెంటు పోయాక లోపలి పెద్ద కెపాసిటర్ ఎంతసేపు లైన్లను నిలబెడుతుందన్నదే హోల్డ్-అప్. పాత ఏటీఎక్స్ 2 ప్రమాణం పూర్తి లోడ్‌లో 17 అడుగుతుంది. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0లో అది 80 శాతం లోడ్‌కు 17, పూర్తి లోడ్‌కు 12. ఈ మెషీన్ యూపీఎస్ మీద నడుస్తుంది. లైన్ నుంచి బ్యాటరీకి మారడానికి సాధారణ యూపీఎస్‌కు 4 నుంచి 10 మిల్లీసెకన్లు పడుతుంది. 11కి, 10కి మధ్య మిగిలే ఒక్క మిల్లీసెకను మీద ఎవరూ ఆధారపడకూడదు. అదీ వద్దనుకున్నాం.

మూడోది 850 గోల్డ్. ఎల్‌ఎల్‌సీ రెసొనెంట్ నిర్మాణం (నష్టం తక్కువగా ఉండే స్విచింగ్ పద్ధతి), డీసీ-టు-డీసీ, 12 వోల్టులు ఒకే రెయిల్‌గా 70 ఆంపియర్లు, అంటే 840 వాట్లు. హోల్డ్-అప్ 19 మిల్లీసెకన్లు, 50 డిగ్రీల రేటింగ్, కెపాసిటర్లన్నీ 105 డిగ్రీలవి, పదేళ్ల వారంటీ. ఏటీఎక్స్ 3 తరం కాబట్టి మొత్తం వాట్లకు రెట్టింపు లోడ్‌ను 100 మైక్రోసెకన్లు, 180 శాతాన్ని ఒక మిల్లీసెకను తట్టుకోవాలన్న నియమానికి లోబడి తయారైంది. ఈ కేసులో వెతుకుతున్నది సరిగ్గా ఆ గుణమే. ఎంపిక అదే.

కెపాసిటర్ డిగ్రీల సంగతి తేలిగ్గా తీసుకునేది కాదు. పని వేడి 10 డిగ్రీలు తగ్గితే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది. నిప్పాన్ కెమి-కాన్, రూబీకాన్, నిచికాన్ వంటి జపాన్ పేర్లు ఉంటే మంచిదే. అయితే పెట్టె మీద ‘జపనీస్ కెపాసిటర్’ అని ఉన్నా కొన్నిటిలో ప్రధాన కెపాసిటర్ ఒక్కటే జపాన్‌ది, మిగతావి కావు. పెట్టె మీది బ్రాండ్ ఒకటి, లోపల తయారుచేసిన కంపెనీ మరొకటి కావడం కూడా ఈ రంగంలో మామూలే. ఒకే బ్రాండ్‌లో ఒక సిరీస్ అద్భుతంగా, మరొకటి అధ్వానంగా ఉండొచ్చు. అందుకే బ్రాండ్ పేరు కాకుండా కచ్చితమైన మోడల్ నంబరుతో లోపలిభాగాలు విప్పి కొలిచిన సమీక్ష చదవాలి. ఆ సమీక్షలో కూడా రక్షణ సర్క్యూట్లు ఏ అంకె దగ్గర ఆపుతున్నాయో కొలిచారా అని చూడాలి. ఉష్ణోగ్రత రక్షణ అసలే లేని మోడళ్లు ఇప్పటికీ అమ్ముతున్నారు.

బిగింపు

పాత ఎస్‌ఎంపీఎస్ తీసేటప్పుడు సోమరితనంతో కేబుళ్లను అలాగే ఉంచి, కొత్తదానికి గుచ్చాలనిపిస్తుంది. చేయొద్దు. మాడ్యులర్ (ఎస్‌ఎంపీఎస్ నుంచి విడదీయగలిగే) కేబుళ్ల కంప్యూటర్ వైపు పిన్నుల వరుసకు ప్రమాణం ఉంది, ఎస్‌ఎంపీఎస్ వైపు వరుసకు లేదు. ప్లగ్గు సరిగ్గా పడుతుంది, కానీ 5 వోల్టులు రావాల్సిన చోట 12 రావచ్చు. ఆన్ చేసిన క్షణంలో హార్డ్ డిస్కులన్నీ మాడిపోతాయి, అందులోని ఫోటోలతో సహా. ఒకే కంపెనీ రెండు సిరీస్‌ల మధ్య కూడా ఈ ప్రమాదం ఉంది.

ప్లగ్గు తీసి, ముందు బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన చార్జి చాలావరకు దిగుతుంది. కింద జాలీ, ఫిల్టర్ ఉన్న క్యాబినెట్ కాబట్టి ఫ్యాన్ కిందివైపు పెట్టాం. తివాచీ మీద ఉంచే క్యాబినెట్ అయితే పైకి తిప్పాలి. ప్రాసెసర్ 8-పిన్ కేబుల్ 4+4గా, గ్రాఫిక్స్‌ది 6+2గా విడిపోతుంది. రెండింటి గాడులూ వేరు, 12 వోల్టుల వరుసలూ తలకిందులు. బలవంతంగా దూర్చితే నేరుగా షార్ట్. ప్రతి ప్లగ్గూ క్లిప్పు టక్కుమనేదాకా నొక్కి, మెల్లగా వెనక్కి లాగి చూడాలి. హార్డ్ డిస్క్‌కు పాత మోలెక్స్-సాటా అడాప్టర్ (ఒక రకం పవర్ ప్లగ్గును మరో రకంగా మార్చేది) వాడుతున్నారు, పోతపోసిన ప్లాస్టిక్ రకం. లోపల తీగలు దగ్గరపడి నిప్పు అంటుకునే చరిత్ర ఉన్న వస్తువది. తీసి పారేసి నేరుగా సాటా కేబుల్ ఇచ్చాం.

బిగించాక కొలతలు

గ్రాఫిక్స్ ప్లగ్గు దగ్గర పని లేనప్పుడు 12.06, లోడ్‌లో 11.96. 5 వోల్టుల లైను 5.03 నుంచి 5.01కి తగ్గింది తప్ప ఎదురు తిరగలేదు. మార్చిమార్చి వేసే లోడ్‌లో స్కోప్ మీద అత్యంత లోతైన గొయ్యి 11.7. రిపుల్ 30 మిల్లీవోల్టులు. గోడ సాకెట్ దగ్గర వాట్ మీటర్ ఆటలో ఇదివరకు 560 చుట్టూ చూపేది, ఇప్పుడు 515 చుట్టూ. ఓసీసీటీ నాలుగు గంటలు నడిచింది. యూపీఎస్ ప్లగ్గును గోడనుంచి లాగి పదిసార్లు చూశాం, ఆట నడుస్తుండగానే. ఒక్కసారి కూడా రీసెట్ కాలేదు. ఈ పరీక్ష తప్పక చేయాలి. యాక్టివ్ పీఎఫ్‌సీ (మెయిన్స్ కరెంటును తరంగానికి తగ్గట్టు లాగే సర్క్యూట్) ఉన్న కొత్త సప్లైలు కొన్ని, మెట్లమెట్లుగా తరంగం ఇచ్చే చవక యూపీఎస్‌తో పొసగవు. ఆ గొడవ కరెంటు పోయిన రోజే బయటపడుతుంది.

పాతదాన్ని వారంపాటు పక్కన పెట్టి, ప్రధాన కెపాసిటర్ మీద వోల్టేజి సున్నా అని మీటర్‌తో నిర్ధారించుకున్నాకే మూత తీశాం. నడుస్తున్నప్పుడు అక్కడ దాదాపు 380 వోల్టులు ఉంటాయి, అలవాటు లేనివాళ్లు ఎస్‌ఎంపీఎస్ మూతను ముట్టుకోనే కూడదు. ప్రధాన కెపాసిటర్ 85 డిగ్రీల రకం. 12 వోల్టుల వైపు రెండు కెపాసిటర్ల తలలు ఉబ్బాయి, ఒకదాని అడుగున గోధుమరంగు ద్రవం ఎండిపోయి ఉంది. రిపుల్ 140 ఎందుకైందో అక్కడ కనబడింది. చిన్న మెషీన్‌కైనా వాడుకోవచ్చా అన్న ప్రశ్న వచ్చింది. ఉబ్బిన కెపాసిటర్లతో ఏ మెషీన్‌కూ వద్దు. దాని మాడ్యులర్ కేబుళ్లను కూడా కట్టగట్టి, కొత్తవాటితో కలవకుండా, దానితోపాటే ఈ-వేస్ట్‌కు పంపాం.